చిన్న రొట్టెలు రెండు కలిపి ఒకటి

ముప్పై నాలుగేళ్లు పోలీసు బలగంలో ఉన్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ అయ్యాక గొంతు తగ్గించి, "ఎంతమందిని కాల్చినవ్?" అని అడుగుతారు. నేను నిజమే చెబుతాను. నా సర్వీసులో నేను కాల్చినవి అప్పడాలు. వాటిలోనూ సగం మాడ్చాను.

నాది సరఫరా పని. తోటివాళ్ల చేతుల్లో తుపాకులుంటే నా చేతిలో తక్కెడ ఉండేది. పైవాళ్లది వ్యూహం, మాది ఊహ. కూంబింగుకు పోయినవాళ్లలో రేపు మధ్యాహ్నానికి ఎంతమంది దిగి వస్తారు, ఎన్ని కిలోల బియ్యం పొయ్యి మీదికెక్కించాలి అన్నది ఇవాళే ఊహించాలి. ఎక్కువ వండితే దుబారా అని తిడతారు. తక్కువ వండితే తిట్టరు, చూస్తారు. ఆ చూపు కంటే తిట్టే నయం. ఒక్కో రోజు అన్నం సరిగ్గానే వండేవాళ్లం, మనుషులే తక్కువయ్యేవాళ్లు.

ఈమధ్య వనపర్తిలో, కొత్తగా ఉద్యోగాలొచ్చిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి "సార్, జర మీ అనుభవాలు చెప్పండి" అన్నారు. వాళ్ల ముందు నాలుగు జోకులు చెప్పి పంపించాను. వాళ్లు పోయాక సిగ్గేసింది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, మెమోలు ఇందులో లేవు. అవి మీకూ వస్తాయి, రెండోవి ముందు వస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి. నల్లమలలో ఆ రోజుల్లో జరిగినదాన్ని ఎవరూ యుద్ధం అనలేదు. కాగితాల మీద అది శాంతిభద్రతల సమస్య. కానీ అటు అడవి దళాల్లో, ఇటు మా బలగంలో ఉన్నవాళ్లు పాలమూరు పిల్లలే. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు రెండు వైపులా తుపాకులు పట్టుకుంటే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి. నేను పేరు పెట్టేవాణ్ని కాను, బస్తాలకు చీటీలు కట్టేవాణ్ని.

పటంలో వాగు

నాగర్‌కర్నూలు దాటి కొండలు మొదలయ్యే చోట మా క్యాంపు. ఆ చోటును ఎంచుకున్నది మా పెద్దసారు. మంచి చదువరి, భయమన్నది తెలియని మనిషి. తెలియనివి ఇంకొన్ని కూడా ఉండేవి. పటం పరిచి, ఒక గుట్ట మీద వేలు పెట్టి, "ఇక్కణ్నుంచి మూడు దారులూ కనబడతాయి. పక్కనే వాగుంది" అన్నారు.

పటంలో వాగు ఏడాది పొడుగునా నీలంగానే ఉంటుంది. నేల మీది వాగు దసరా దాటితే ఇసుకే. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. "నర్సింహులూ, నీకు అన్నీ అడ్డంకులే కనిపిస్తాయయ్యా" అన్నారు. మూశాను. నోరు తెరవడం, మూయడం నాకు బాగా అలవాటైన కసరత్తు. పొట్ట మాత్రం తగ్గలేదు.

ఇక నలభైమందికి నీళ్లు కింద బోరు నుంచి ట్యాంకరులో రావాలి. గుట్ట ఎక్కడానికి దానికి గంటన్నర. మొదటి నెలలోనే మా వంటమనిషి ఖాజాభాయి నన్ను పక్కకు పిలిచాడు. గద్వాల మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద.

"సాబ్, గా మూడు దారులు మనకు కనబడ్డట్టే మన ట్యాంకరు గూడ అందరికి కనబడ్తది. ఒక ట్యాంకరంటే నలభైమంది. రెండొస్తె కొత్త బలగం దిగినట్టు. రాకపోతె మనం అడవిలకు బోయినట్టు. గిప్పుడు ఎవలు ఎవల్ని చూస్తున్నరు?"

అంతే. మేం గుట్టెక్కి దాక్కున్నాం, మా నీళ్లు రోజూ పొద్దున హారను కొట్టుకుంటూ వచ్చి మా లెక్క అప్పజెప్పేవి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం వంటమనిషి చెప్పిందే. ఎవరు ఎంతమందో తెలియాలంటే వాళ్లు తినేదీ తాగేదీ చూడు.

మంచి పాఠమే. దాన్ని నేను పెద్దసారుకు చెప్పాను. అదే తప్పు.

ఒక మనిషి ఎంత తింటాడు

పెద్దసారు దాన్ని తిరగేసి పట్టుకున్నారు. "అయితే వాళ్లనూ అలాగే పట్టొచ్చు. అడవిలో వాళ్లు పంట పండించరు కదా. అంచు ఊళ్ల నుంచి పోవలసిందే. ఊళ్లలో మిగులు లేకుండా చేస్తే వాళ్లే కిందికి దిగుతారు." ఏ ఇంట్లోనూ వారానికి మించి తిండిగింజలు ఉండకూడదు, సంత నుంచి వచ్చే దారిలో చెక్‌పోస్టు పెట్టి తూచాలి అని హుకుం వచ్చింది. తూచే మనిషి ఎలాగూ ఉన్నాడు.

"ఒక మనిషికి వారానికి ఎంత కావాలి?" అని నన్నే అడిగారు.

మా మెస్సులో కానిస్టేబులుకు వారానికి నాలుగు కిలోల బియ్యం, గద్వాల మిల్లు సన్నాలు. కూలిపని చేసే మనిషికి మూడు కిలోలు అని రాశాను. పొద్దంతా గడ్డపార వేసేవాడు పోలీసు కన్నా కిలో తక్కువ ఎందుకు తింటాడో నాకు అప్పుడు తెలియదు. ఇప్పటికీ తెలియదు. పిల్లలకు సగం అని రాశాను. పప్పులో కాలేయడం అంటారు కదా. పప్పు నా స్టోరులోదే, కాలు కూడా నాదే.

చెక్‌పోస్టులో నా ముందు నిలబడ్డవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లు. సంచి విప్పడం, తూచడం, ఎక్కువుంటే తీసి పక్కన పెట్టడం. ఒకరోజు ఒక ముసలామె సంచిలో రెండు కిలోల జొన్నలు ఎక్కువున్నాయి. చూసీ చూడనట్టు వదిలేశాను. అది ఎవరో పెద్దసారు చెవిన వేశారు. అందరి ముందూ పిలిచి, గొంతు పెంచకుండానే అన్నారు. "నువ్వు ఈ నేల మనిషివి కదా నర్సింహులూ. నీ తక్కెడ కూడా ఈ నేల వైపే మొగ్గుతుందేం?"

ఆ మాట నాలో ఏం చేసిందో ఆయనకు తెలియదు. ఆ వారమంతా నా తక్కెడ మహా నిటారుగా ఉంది. ఒక పిల్లాడి చేతిలోని సజ్జకంకిని కూడా తూచి ఉంటాను.

ఏడు మూటలు

ఆ తర్వాతి వారమే ఇది జరిగింది. గుట్ట కింద కూలివాళ్ల ఇళ్లు ఏడు ఒకచోట ఉండేవి. సోదాకు పోయిన మావాళ్లు అక్కణ్నుంచి ఏడు మూటలు తెచ్చి నా స్టోరు ముందు పడేశారు. వాటితోపాటు ఆరుగురు మగవాళ్లను కూడా తెచ్చారు. వాళ్ల మేస్త్రీ యేసోబు. నలభై దాటిన మనిషి, చేతులు పారల్లా ఉన్నాయి. భయపడలేదు. ఏదో పొరపాటు జరిగింది, అడిగితే చెబుదాం అన్నట్టు నిలబడ్డాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు.

మూటలు విప్పాను. జొన్న రొట్టెలు. పెనం మీద కాల్చి, ఆపైన మంచం మీద పరిచి ఎండబెట్టినవి. విరిస్తే టప్పుమంటాయి. నెలైనా చెడవు. నీళ్లుంటే ముంచి, లేకపోతే అలాగే తొక్కు అద్దుకుంటే భోజనం.

ఖాజాభాయి ఒకటి చేతిలోకి తీసుకుని మెల్లగా అన్నాడు. "సాబ్, గివి వలస రొట్టెలు. మా గద్వాల దిక్కు సుగ్గికి, కోతల పనికి బోయెటోళ్లు గిట్లనే జేస్కుంటరు. కృష్ణ అవతల మిరప కోతలకు బోతున్నట్టున్నరు పాపం."

"ఊఁ" అన్నాను.

నాకు ఆయన చెప్పనక్కర లేదు. మాది అమరచింత. మా నాయన గుంపు మేస్త్రీ, వలస కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్లేవాడు. ప్రతి ఏటా బయల్దేరే ముందు మా అమ్మ మూడు రోజులు పొయ్యి దగ్గరే ఉండేది. ప్రతి ఇంటి మూటా వేరు. ప్రతి ఇంటి రొట్టె సైజూ వేరు, ఎవరి అరచెయ్యి ఎంత ఉంటే అంత. ఆ మూటల అడుగున చిన్న రొట్టెలుంటాయి. పిల్లలకు పెద్ద రొట్టె ఇస్తే సగం కొరికి పారేస్తారని తల్లులు చేతిలో ఇమిడేట్టు చిన్నగా తడతారు. అవి తిని పెరిగినవాణ్ని నేను.

ఏడు మూటల్లో అయిదింటిలో చిన్న రొట్టెలున్నాయి.

పెద్దసారు వచ్చారు. "ఎన్నున్నాయి?"

పెద్దవి ఐదు వందల ఇరవై ఎనిమిది. చిన్నవి నూట పన్నెండు. చిన్నవి రెండింటిని కలిపి ఒకటిగా లెక్కకట్టి, "ఐదు వందల ఎనభై నాలుగు సార్" అన్నాను.

"ఎంతమందికి, ఎన్నాళ్లకు?"

పూటకు రెండు, రోజుకు నాలుగు. "పద్దెనిమిది మందికి ఎనిమిది రోజులు సార్."

"అంటే ఒక దళం. ఎనిమిది రోజుల కార్యక్రమం." ఆయన ముఖం వెలిగింది. "రాసి సంతకం పెట్టు."

అప్పుడు నోరు తెరిచి "సార్, వీటిలో పిల్లలవి ఉన్నాయి. పిల్లలు దళంలో ఉండరు" అంటే సరిపోయేది. తెలుగులో ఏడు మాటలు. ఖాజాభాయి నా వైపే చూస్తున్నాడు. నా చెవిలో మాత్రం 'నీ తక్కెడ ఈ నేల వైపే మొగ్గుతుందేం' అన్నదే మోగుతోంది. సంతకం పెట్టాను. నా సంతకం చాలా బాగుంటుంది. ఆ రోజు మరీ కుదిరింది.

తిన్నది ఎవరు

మర్నాడు ట్యాంకరు రాలేదు. గుట్ట మలుపు దగ్గర యాక్సిల్ విరిగి అడ్డంగా కూలబడింది. దాన్ని తప్పించి ఇంకొకటి ఎక్కదు. క్యాంపులో తాగడానికే నీళ్లు చాలవు, బియ్యం బస్తాలు గోడకానుకుని మమ్మల్ని చూసి నవ్వుతున్నాయి. నీళ్లు లేని బియ్యం అంటే రాళ్లే, కాకపోతే తెల్లనివి.

మధ్యాహ్నానికి నలభైమందీ వంటశాల ముందు చేరారు. పెద్దసారే అన్నారు. "ఆ రొట్టెలున్నాయి కదా?"

ఖాజాభాయి మూటలు విప్పి పంచాడు. నలభైమందిమి రెండు రోజులు అవే తిన్నాం. నేనూ తిన్నాను. ఆ రొట్టెలు ఎవరివో ఆ మనుషులు అదే క్యాంపులో, వెనక రేకుల గదిలో ఉన్నారు. వాళ్లకూ పెట్టాం, తలా రెండు. వాళ్ల రొట్టెలే వాళ్లకు పెట్టి, కస్టడీలో ఉన్నవాళ్లకు భోజనం సరఫరా అని రాశాం.

పెద్దసారు రొట్టె నములుతూ "పర్లేదయ్యా, బాగున్నాయి. వండనక్కర లేదు, నీళ్లక్కర లేదు. మనమూ ఇలాంటివి ఎందుకు చేయించుకోకూడదు?" అన్నారు. సరఫరా గురించి ఆయన నోట నేను విన్న తెలివైన మాట అదొక్కటే. రొట్టెల సాక్ష్యం మా కడుపుల్లోకి పోయాక, పురుగు పట్టినందున పారవేయడమైనది అని ఒక కాగితం పుట్టింది. ఎవరు పురుగులో అందులో రాయలేదు.

గేటు దగ్గర

నాలుగో రోజు పొద్దున యేసోబు భార్య గేటు దగ్గరికి వచ్చింది. పేరు ఎలిశమ్మ. నన్ను పంపించారు, వాళ్ల యాస తెలుసని.

"సారు, మా మొగోళ్లు ఏం జేసిన్రు?"

"అడుగుతున్నరమ్మా. వస్తరు."

"కొత్తకోట కాడ లారీ రొండు దినాలు మా కోసం ఆగింది. పోయింది. ఇంకో గుంపు ఎక్కింది. గా పని పోతె పోనీ. మనుషులనియ్యకపోతె మా రొట్టెలన్న ఇయ్యుండ్రి సారు. మీరు తూచి ఇచ్చిన గింజలల్లనే వారం వారం ఇంత మిగిల్చి, అన్ని గవే జేసినం. ఇంట్ల పిండి లేదు, గింజ లేదు. పిల్లలు మూతులు జూస్తున్నరు."

నేను నేల చూశాను.

"ఏందట్ల నిలవడ్డవ్? అయినయా? ఎవలు దిన్నరు?"

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నీ మాట మా దిక్కుదే ఉన్నది. ఏ ఊరు సారు మీది?"

"అమరచింత."

"అమరచింతనా!" అంది. "మరి మీ ఇంట్ల చిన్న రొట్టెలు ఎవలకోసం జేస్తరు సారు?"

నా ఉద్యోగంలో చాలా ఎంక్వయిరీలు ఎదుర్కొన్నాను. అంత చిన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. స్టోరులోకి పోయి పది కిలోల బియ్యం కట్టి తెచ్చి ఇచ్చాను. తీసుకుంది. పౌరుషం పెద్దలకు, ఆకలి పిల్లలకు. ఆమెకు రెండోదే ముఖ్యం. కానీ దిగువన చెక్‌పోస్టులో డ్యూటీలో ఉన్నవాడు ఆమెను ఆపి, వారానికి మించి ఉందని మిగతాది తీసేసుకున్నాడట. వాడి ముందు గోడకు అంటించిన పట్టిక నా చేతిరాతే.

ఆ మధ్యాహ్నం ధైర్యం చేసి పెద్దసారు దగ్గరికి పోయి చెప్పాను. పిల్లల రొట్టెలు సార్, వలస మూటలు సార్ అని. ఆయనకు కోపం రాలేదు, అలసట వచ్చింది. "మొన్న చెప్పవలసింది. ఇప్పుడు కాగితం పైకి పోయింది" అన్నారు.

పైకి పోయిన కాగితం కిందికి రాదు. మనుషులు మాత్రం కిందికే పోతారు.

లేని దళం

అయిదుగురిని పదకొండో రోజు వదిలేశారు. మేస్త్రీ కాబట్టి యేసోబు మీద కేసు పెట్టారు. జైలు నుంచి బెయిలు మీద ఇంటికి వచ్చేసరికి ఏడాది దాటింది. కుడి మోకాలు వంగడం లేదు. ఏం జరిగిందో నేను చూడలేదు. చూడలేదనడం మా దగ్గర సాక్ష్యం కాదు, అలవాటు.

తండ్రిని పట్టుకుపోయిన నెలలోపే ఆయన పెద్దకొడుకు దానియేలు, ఇరవై ఏళ్లవాడు, నల్లమలలోకి పోయాడు. వాడి వెంట పక్కింటివాడు ఇంకొకడు. అంతకుముందు ఆ ఏడు ఇళ్ల నుంచి అడవిలోకి ఎవరూ పోలేదు, ఒక్క రొట్టె కూడా పోలేదు. లేని దళానికి రొట్టెలు పోతున్నాయని పట్టుకున్నాం. చివరికి ఉన్న దళానికి ఇద్దరు మనుషులను మేమే పంపాం. ముప్పై నాలుగేళ్లలో అటువైపు నేను చేసిన సరఫరా ఇదొక్కటే. చెక్‌పోస్టులో ఎవరూ ఆపలేదు.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇక్కడే ఉంది. తిండి ఆపితే శత్రువు దిగుతాడన్నది పాత వ్యూహం, పుస్తకాల్లో అందంగా ఉంటుంది. తుపాకి ఉన్నవాడికి తిండి ఆఖర్న ఆగుతుంది. మొదట ఆగేది చంకలో బిడ్డ ఉన్నవాళ్లకు. ఇంకొకటి. మిమ్మల్ని స్థానికుడని ఉద్యోగంలో పెట్టుకుంటారు, మీకు తెలిసింది చెబితే స్థానికుడివని అనుమానిస్తారు. ఆ రెండో మాటకు జంకితే మీ చదువు, మీ ఊరు, మీ అమ్మ చేతి వంట, అన్నీ ఒక సంతకానికి ఖర్చవుతాయి. పెద్దసారుకు ఆ రొట్టెలేమిటో తెలియదు. ఆయన్ను నేను పెద్దగా తప్పుపట్టను. తెలిసినవాడు నేను.

బోనులో

కేసు నాలుగేళ్లు నడిచింది. లెక్క రాసినవాణ్ని కాబట్టి సాక్షిగా నన్ను పిలిచారు. ఖాజాభాయి అప్పటికి రిటైరై గద్వాల చేరాడు. పోయేముందు ఒక్కటే అన్నాడు. "సాబ్, నేను వంటోణ్ణి. నన్ను ఎవలు బోనెక్కియ్యరు. నిన్ను ఎక్కిస్తరు. యాదికుంచుకో."

సర్కారు వకీలు కాగితం చూపించి అడిగారు. "ఐదు వందల ఎనభై నాలుగు రొట్టెలు. ఇది మీ సంతకమేనా?"

"సంతకం నాదే. లెక్క తప్పు. ఆరు వందల నలభై."

ఆయన తలెత్తారు. జడ్జిగారు కలం ఆపారు. "తేడా ఎందుకొచ్చింది?"

"నూట పన్నెండు చిన్నవి ఉన్నాయండీ. రెండింటిని ఒకటిగా రాశాను. అవి పిల్లలవి. వలస పోయేవాళ్లు పిల్లల కోసం అలా చేసుకుంటారు. చూసినప్పుడే నాకు తెలుసు."

"ఆ సంగతి ఇందులో ఎక్కడా లేదే?"

"నేను రాయలేదు."

"ఆ రొట్టెలేవీ?"

"మేం తిన్నాం."

కోర్టులో ఎవరో నవ్వారు. యేసోబు నవ్వలేదు. కొన్నాళ్లకు కేసు కొట్టేశారు. నాకు రెండు మెమోలు, ఒక దూరపు బదిలీ వచ్చాయి. వాటి గురించి రాయనని ముందే మాటిచ్చాను.

తీర్పు రోజు నేను కూడా పోయాను. ఎందుకు పోయానో దాచను. ఒక మంచి మాట దొరుకుతుందని ఆశ. యేసోబు కర్ర ఆనుకుని మెట్లు దిగుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"సారు, బోనుల జెప్పిన మాట గా దినమే జెప్తె ఏం బోతుండె?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నౌకరి పోతదని భయమైంది."

"పోయిందా?"

"లేదు."

"మంచిది" అన్నాడు. ఎగతాళి లేదు. నిజంగానే మంచిదన్నట్టు అని, మోకాలు ఈడ్చుకుంటూ బస్సు వైపు నడిచాడు.

ఎలిశమ్మ కదల్లేదు. తీర్పు కాగితం నకలు మడతపెట్టి కొంగున కట్టుకుంది. నా దగ్గరికి వచ్చింది. నాలుగేళ్ల కింద గేటు దగ్గర ఉన్న కోపం ఇప్పుడు లేదు, అది ఉంటేనే బాగుండేది.

"మా దానియేలు వాళ్ల నాయిన కోసమే బోయిండు సారు. నాయిన ఇంటికొచ్చిండు, కేసు గూడ లేదని తెలిస్తె వస్తడు. వాడు మొండోడు గాదు. అడివి తొవ్వలన్ని మీకు ఎరికె గదా. వానికి జర జెప్పి పంపుండ్రి."

నల్లమలలోకి పోయే దారులు నాకు నిజంగానే తెలుసు. ఉప్పు ఏ దారిన పోతుందో, జొన్నలు ఏ దారిన పోతాయో, ఏ దారిలో ఎవరిని ఆపాలో పటాల మీద గీసి ఇచ్చిన గుంపులో నేనూ ఒకణ్ని. అన్నీ మూయించాం. ఒక తల్లి మాట లోపలికి పోవడానికి సందు ఉంచలేదు.

ఆమె నా జవాబు కోసం చూస్తూ నిలబడింది. బస్సు హారను కొట్టింది. "చూస్తనమ్మా" అన్నాను. నాకు వచ్చిన మాట అదే. ఆమె తలూపి, కొంగు ముడి తడుముకుంటూ వెళ్లి బస్సెక్కింది. నమ్మింది.

దానియేలు ఇంటికి రాలేదు.